భద్రగిరికి ఐదు కిలోల గోటి తలంబ్రాలు

ఏన్కూరు నుంచి భద్రాచలం ఎనభై కిలోమీటర్ల దూరం. పెళ్లై ఈ ఊరికొచ్చి పన్నెండేళ్లైనా నేను ఆ కొండ ఎక్కలేదంటే మా స్కూల్లో పిల్లలు కూడా నమ్మరు. సెలవు దొరికితే పుట్టింటికి పోవడమో, ఇల్లు సర్దుకోవడమో అయ్యేది. ఈసారి వెళ్లానంటే కారణం మా అత్తమ్మ రాజమ్మ. మామయ్య బొగ్గు గనిలో పనిచేస్తూ పోయారు. ఆ ఉద్యోగం అత్తమ్మకిచ్చారు. కొత్తగూడెం దగ్గర గని పైన, బొగ్గు బెల్టు పక్కన, పద్దెనిమిదేళ్లు చేసింది. కూతవేటు దూరంలో ఉండి కూడా ప్రతి శ్రీరామనవమికీ డ్యూటీలోనే ఉండిపోయింది. కల్యాణం ఎప్పుడూ క్యాంటీన్ టీవీలో చూడటమే. నిరుడు రిటైరై మా ఇంటికొచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే "ఊకె కూసుంటే చేతులు గుంజుతున్నయి బిడ్డా" అంటూ మా వీధి ఆడవాళ్లను పదిమందిని పోగేసి, గోటి తలంబ్రాల మొక్కు ఎత్తుకుంది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. రాముడి కల్యాణంలో తలంబ్రాలకు వాడే బియ్యాన్ని దంచరు, మిల్లుకు పట్టరు. ఒక్కో వడ్ల గింజను గోటితో ఒలిచి తీస్తారు. గింజ విరిగితే పనికిరాదు. అత్తమ్మతో కలిపి పదకొండు మంది రెండు నెలలపాటు రోజూ సాయంత్రం ముప్పావు గంట సీరియళ్లు మానేసి మా వరండాలో కూర్చున్నారు. నేను లెక్కల టీచర్ని కాబట్టి కూర్చున్నచోటే లెక్క వేశాను. గ్రాముకు యాభై గింజలు. ఐదు కిలోలంటే రెండున్నర లక్షలు. ఆ మాట చెప్తే అత్తమ్మ, "నువ్వు లెక్క వెయ్యి, మేం ఒలుస్తం" అంది. ఒలిచిన బియ్యాన్ని కొత్త తెల్లగుడ్డలో మూటకట్టి, పదకొండు పేర్లు రాసిన చీటీ నా పర్సులో పెట్టింది. గుడికి ఫోన్ చేస్తే, బుధవారం సాయంత్రం ఐదింటి దాకా తీసుకుంటామని, ఆ తర్వాత తెచ్చినవి ఈ ఏడు కల్యాణంలో కలవవని చెప్పారు. మంగళవారం రాత్రికి గానీ మాకు ఆఖరి గుప్పెడు పూర్తికాలేదు.

బుధవారం పొద్దున ఆరూ నలభైకి ఏన్కూరులో ఖమ్మం నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. మగవాళ్లకు నూటయాభై లోపే అవుతుంది. జూలూరుపాడు దాటేదాకా రోడ్డుకు అటూ ఇటూ కళ్లాల్లో ఆరబోసిన మిర్చి. బస్సు అద్దాలు మూసినా ముక్కు చుర్రుమంది. ఎనిమిదింటికి కొత్తగూడెం బస్టాండు. అక్కడ పది నిమిషాలు ఆపారు. నేను ముప్పై రూపాయలకు ఇడ్లీ తిన్నాను. తలంబ్రాలు అప్పజెప్పేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టనని అత్తమ్మ ఒట్టుపెట్టుకుంది. ఏ కొండకైనా మొదటిసారి వెళ్తున్నప్పుడు చిన్నపిల్లల్లా ఒక ఉరుకులాట ఉంటుంది కదా, నాకు బస్సు ఎప్పుడు కదులుతుందా అని ఒకటే ఆత్రం. అత్తమ్మ మాత్రం మూట ఉన్న పసుపు సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, ఎక్కే ప్రతి మనిషినీ చూస్తూ కూర్చుంది.

అక్కడే కన్నమ్మ ఎక్కింది. యాభై ఏళ్లుంటాయి, ముంజేతుల నిండా పచ్చబొట్లు. అత్తమ్మ పక్కన కూర్చుని తన సంచిని కూడా కిందే పెట్టింది. బస్సు కదలకముందే అత్తమ్మ మొదలుపెట్టింది. "ఏ ఊరు చెల్లె మీది?"

"ఊటగుంపు అక్కా. పాల్వంచ దాటినంక అడివిల దిగి మూడు కిలోమీటర్లు నడవాలె. మా అక్కోళ్ల ఊరికి పోయొస్తున్న. ఇప్పపువ్వు ఇచ్చిండ్రు."

ఆ సంచిలోంచి వస్తున్న వాసన అదన్నమాట. తియ్యగా, కొంచెం మత్తుగా, పులిసిన బెల్లంలా బస్సంతా పరుచుకుంది. పాల్వంచలో కరెంటు ప్లాంటు గొట్టాలు దాటేసరికి ఇద్దరూ మనవళ్ల చదువుల దాకా వచ్చారు. ఊరి పేరు, కులం, కోడలి పేరు అన్నీ అత్తమ్మ అడుగుతోందని నాకు సిగ్గుగా ఉండి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బయట టేకు ఆకులు రాలిపోయి అడవి బోసిగా ఉంది. మధ్యమధ్య మోదుగులు మాత్రం ఎర్రగా మండుతున్నాయి. తొమ్మిదింటికి కాస్త ముందు, రోడ్డు పక్కన మట్టిదారి దగ్గర కన్నమ్మ దిగిపోయింది. దిగుతూ "పైలం అక్కా" అంది.

ఆమె దిగింది గాని వాసన దిగలేదు. సారపాకలో కాగితం మిల్లు గోడ కనిపిస్తుండగా నాకు తట్టింది. వంగి సంచి విప్పాను. లోపల ముడతలు పడ్డ గోధుమరంగు ఇప్పపువ్వు! ఖమ్మంలో ఒక బట్టల దుకాణం వాళ్లు అందరికీ ఇచ్చే పసుపు సంచి అది. మా జిల్లాలో ఆ సంచి లేని ఇల్లు ఉండదు. అత్తమ్మ ముఖం చూడలేకపోయాను. "ఆపుండ్రి! బస్సాపుండ్రి!" అని ఆమె అరిచిన అరుపుకు డ్రైవర్ నిజంగానే బ్రేకు వేశాడు.

దిగిన చోటే ఆటో స్టాండు. యాకూబ్ అనే ఆటో ఆయనకు విషయం చెప్పాను. నలభై దాటిన మనిషి, నోట్లో పాన్. మొత్తం విన్నాక పాన్ ఊసేసి వచ్చాడు. "రాములోరి పని. ఎక్కుండ్రమ్మా జల్దీ. వెనక్కి పాతిక కిలోమీటర్లు. ఊటగుంపు నాకెరికే. లోపలి దారి ఖరాబుంటది, గట్టిగ పట్టుకోవాలె." రానుపోను ఆరువందలకు మాట్లాడుకున్నాం. గంటకు పైగా పట్టింది ఆ ప్రయాణం. మట్టిదారిలోకి తిరిగాక ఆటో దుంకుతుంటే నా తల రెండుసార్లు పైకప్పుకు కొట్టుకుంది. ఇంత భయంలో కూడా ఒక చోట చెట్ల కింద నేలంతా పసుపుముద్దలా రాలిన ఇప్పపువ్వును ఏరుతున్న ఆడవాళ్లను చూసి "అబ్బా" అన్నాను. అత్తమ్మ మాత్రం, "ఆ పదిమందికి ఏం మొకం పెట్టుకొని చెప్తనే శైలూ" అంది. పద్దెనిమిదేళ్లు షిఫ్టులు చేసిన మనిషి అలా అనడం నేను మొదటిసారి విన్నాను.

ఊటగుంపులో ఇరవై ఇళ్లుంటాయి. "కన్నమ్మ ఇల్లు, కోడలి పేరు సుజాత" అని అత్తమ్మ అడగ్గానే ఎదురుపడ్డ ముసలాయన చేత్తో చూపించాడు. బస్సులో ఆరా తీస్తుంటే సిగ్గుపడ్డది నేనే. వాకిట్లో నలుగురు చుట్టాలు మంచాల మీద కూర్చుని ఉన్నారు. పక్కన పొయ్యి మీద కుండ కుతకుత ఉడుకుతోంది. దాని పక్కనే మా తెల్లమూట, ముడి విప్పి ఉంది.

అత్తమ్మ అక్కడే నేల మీద కూలబడింది. బోరింగు నుంచి బిందెతో వస్తున్న కన్నమ్మ మమ్మల్ని చూసి నవ్వబోయి, మూటను చూసి ఆగిపోయింది. కోడలితో కోయ భాషలో గబగబా ఏదో అడిగింది. సుజాత ముఖం పాలిపోయింది. సంచి ఇంట్లో పెట్టి అత్త నీళ్లకు పోగానే, పెద్దమ్మ బియ్యం పంపిందనుకుని చుట్టాలకు వండబోయిందట. "రెండు గిలాసలే పోసిన" అని ఏడుపు గొంతుతో చెప్పింది.

"గివి గోటితోటి ఒలిచినవి గదా అక్కా?" కన్నమ్మ గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో పరుచుకుని చూసింది. "ఒక్కటన్న ఇరగలె. రాములోరికా?"

"అవ్ చెల్లె." అత్తమ్మ లేచి సుజాతను దగ్గరికి పిలిచింది. "ఏడ్వకు బిడ్డా. నీకెట్ల తెలుస్తది? ఉడికిన బువ్వ పారేయద్దు. చుట్టాలకు పెట్టు." కానీ నాతో మాత్రం రహస్యంగా అంది, "ఐదు కిలోలని మొక్కిన. తక్కువ తీస్కపోతే మొక్కు చెల్లినట్టా, చెల్లనట్టా?"

నేను లెక్క వేశాను. రెండు చిన్న గ్లాసులంటే మూడువందల గ్రాములు. పదిహేను వేల గింజలు. మళ్లీ ఒలుద్దామన్నా, నిమిషానికి తలా పది చొప్పున మా ఇద్దరికీ కన్నమ్మకూ కలిపి ఎనిమిది గంటలు దాటుతుంది. అప్పటికే పదకొండు కావస్తోంది, గడువు ఐదింటికి. కాదని తేల్చి చెప్పాను. కన్నమ్మ నా మాట వినిపించుకోలేదు. ఇంట్లోకి పోయి విత్తనానికి దాచుకున్న వడ్లు చిన్న మూటగా కట్టుకుని, చీర మార్చుకుని, సుజాత కొలిచిన గ్లాసుతో సహా వచ్చింది. "నడువుండ్రి. ఆటోల ఒల్చుకుంట పోదాం. అయినకాడికి అయితది." ఇప్పపువ్వు సంచి మాత్రం సుజాత చేతికిచ్చి, కోయ భాషలో ఏదో అని నవ్వించింది.

దుంకే ఆటోలో ఒలిచిన గింజల్లో సగం విరిగాయి. యాకూబ్ పాపం వేగం తగ్గించి, గుంత వచ్చినప్పుడల్లా "గుంత! గుంత!" అని ముందే అరిచేవాడు. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి పన్నెండున్నర. వేసవి గోదావరి మధ్యలో ఇసుక తిన్నెలతో పాయలుగా మెరుస్తోంది. అవతలి గట్టు మీద, ఇళ్ల మధ్యలోంచి లేచి నిలబడ్డ గుట్ట, పైన గోపురం. ఆ పొద్దంతా ఎంత హైరానా పడ్డా, అది కనిపించగానే నా ఒళ్లు జలదరించింది. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడమంటే ఏమిటో ఆ వంతెన మీద తెలిసింది. అత్తమ్మ ఆటోలోంచే రెండు చేతులూ ఎత్తింది. యాకూబ్ తన డబ్బులు తీసుకుని, "కల్యాణం నాడు టీవీల చూస్త, నా ఆటో ఎక్కిన తలంబ్రాలు ఏడున్నయో" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

కొండ పెద్ద ఎత్తేమీ కాదు. మోకాళ్లు బాగున్నవాళ్లకు మెట్లు ఐదారు నిమిషాల పని. కానీ ఆ ఎండలో రాతి మెట్లు పెనంలా కాలుతుంటే నేను దాదాపు పరుగెత్తాను. తలంబ్రాల మూట ఈసారి కన్నమ్మ నెత్తిన ఉంది. ఆమె నిమ్మళంగా, చెట్టు నీడలో నడిచినట్టు నడిచింది. పైకి వెళ్లేసరికి ఒంటిగంట. గుడి మూసే వేళ. తలంబ్రాలు తీసుకునే ఉద్యోగి తాళం వేస్తూ, "మూడింటికి తెరుస్తాం అమ్మా. ఐదు దాటితే నేనేం చేయలేను" అన్నాడు. నేను ఉసూరుమన్నాను గాని అత్తమ్మ ముఖం వెలిగింది. "మంచిగైంది. ఒలిచెతందుకు టైం దొరికింది" అంటూ మండపం నీడలో తువ్వాలు పరిచింది.

ముగ్గురం కూర్చున్నాం. నా గోళ్లకు అలవాటు లేదు, పదో గింజకే వేలు మండింది. గుడి తెరవడం కోసం ఎదురుచూస్తూ అక్కడే సేదతీరుతున్న జనం మమ్మల్ని వింతగా చూస్తున్నారు. ముందు ఒక పెద్దావిడ వచ్చి ఏమిటని అడిగింది. కన్నమ్మ దాచకుండా మొత్తం చెప్పింది, తన కోడలు వండేసిన సంగతితో సహా. ఆ పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుని కూర్చుంది. "గుప్పెడు ఇటు పెట్టమ్మా." ముదిగొండ నుంచి వచ్చిన కొత్త జంట ఒకటి, ఆ తర్వాత ఒక లారీ డ్రైవరు, కొబ్బరికాయల దుకాణం నుంచి భోజనానికి లేచిన ఆమె... పావుగంటలో పదిహేనుమందయ్యారు. కొత్త పెళ్లికొడుకు ఒలిచినవన్నీ ముక్కలే అవుతుంటే పెళ్లికూతురు అతని చేతిలోంచి వడ్లు లాక్కుని, ఒలిచిన బియ్యంలో పొట్టు ఊదే పని అప్పజెప్పింది. అందరం నవ్వుకున్నాం. ఎవరో పాట ఎత్తుకున్నారు, ఇంకెవరో మంచినీళ్ల సీసాలు తెచ్చారు. నేను నిమిషనిమిషానికీ గ్లాసులో ఎంతవరకు వచ్చిందో చూస్తున్నాను. పరీక్ష ఫలితాల రోజు కూడా నాకంత గుండెదడ లేదు.

ఆ సందట్లోనే లారీ డ్రైవరు కన్నమ్మను అడిగాడు, "మీ గూడెపోళ్లు గూడ ఈ దేవున్ని మొక్కుతరా?"

కన్నమ్మ తలెత్తలేదు. గింజ ఒలుస్తూనే చెప్పింది. "ముందుగాల రాములోరు కలల కనపడ్డదే మా కోయ ఆడమనిషికి. పుట్టల ఉన్న, బయటికి తియ్యిమన్నడు. మేం తీసినంకనే గద మీకు తెలిసింది?"

పొద్దుటి నుంచి మనసారా నవ్వని అత్తమ్మ పకపకా నవ్వింది. "ఒప్పుకున్న చెల్లె, ఒప్పుకున్న."

మూడూ నలభైకి రెండో గ్లాసు నిండింది. విరిగినవి ఏరేసి, మూటలో కలిపి, కౌంటరు దగ్గరికి మేము ముగ్గురం నడిస్తే వెనక ఆ పదిహేనుమందీ వచ్చారు. ఉద్యోగి మూట విప్పి, గింజలు వేళ్ల మధ్య జార్చి చూసి, కాటా మీద పెట్టాడు. అంకెలు అటూ ఇటూ ఆడి ఆగాయి. ఐదు కిలోల నలభై గ్రాములు! కొత్త పెళ్లికొడుకు ఈల వేశాడు. గుళ్లో ఈలేమిటని పెద్దావిడ కసిరింది, కసిరి తనే చప్పట్లు కొట్టింది.

"ఎవరి పేర్ల మీద రాయమంటారు?" అని ఉద్యోగి అడిగాడు. పర్సులోంచి చీటీ తీసిచ్చాను. అత్తమ్మ ఆపి, నా పెన్ను అడిగి తీసుకుని, పదకొండు పేర్ల కింద 'కన్నమ్మ, ఊటగుంపు' అని వంకర అక్షరాలతో రాసింది. కన్నమ్మ చదవలేదు గాని ఏం రాసిందో అర్థమైంది. చెయ్యి అడ్డం పెట్టింది.

"నా ఒక్కదానిది వద్దక్కా. సుజాతది గూడ రాయి. కుండల పోసిన అని పొద్దట్నుంచి కుములుతుంటది పిల్ల. రాములోరి కాయితంల నీ పేరున్నదే అని చెప్త."

అత్తమ్మ 'సుజాత' అని రాసింది, ముందరి పేర్లకన్నా కాస్త పెద్దగా.

దర్శనానికి వెళ్లేసరికి నాలుగున్నర. ఉచిత క్యూలో అరగంట పట్టింది. నాలుగు చేతులతో కూర్చున్న రాముడు, ఎడమ తొడ మీద సీతమ్మ, పక్కన నిలబడ్డ లక్ష్మణుడు. భద్రుడనే భక్తుడే ఈ కొండగా మారాడని, స్వామి అతని తల మీద కొలువయ్యాడని ఇక్కడ చెప్తారు. నేను ఏదో కోరుకోవాలని వెళ్లాను, ఎదురుగా నిలబడ్డాక ఒక్కటీ గుర్తురాలేదు. అత్తమ్మ మాత్రం పెదవులు కదుపుతూ పదకొండు ఇళ్ల పేర్లూ వరసగా అప్పజెప్పింది. బయటికొచ్చి పులిహోర పొట్లం తెరిచి, మొదటి ముద్ద కన్నమ్మ చేతిలో పెట్టి, రెండోది తను తిని ఉపవాసం విడిచింది. కొండ మీద నుంచి చూస్తే సాయంత్రపు ఎండలో గోదావరి అంతా రాగిరంగు. ముగ్గురం ఆరింటి బస్సెక్కాం. కన్నమ్మ తన మట్టిదారి దగ్గర దిగేటప్పటికి మసక చీకటి పడుతోంది. సుజాత టార్చిలైటు పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. బస్సు కదులుతుంటే కన్నమ్మ ఆమెకు ఏదో చెప్పడం, ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకోవడం వెనక అద్దంలోంచి చూశాం.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆ లెక్క గురించే ఆలోచించాను. పదిహేను వేల గింజలు, నిమిషానికి పది, ముగ్గురు మనుషులు: నేను చేసిన గుణకారంలో తప్పేమీ లేదు. ముగ్గురమే ఉంటామనుకోవడం ఒక్కటే తప్పు. కొండ మీద గుళ్లు కట్టింది దేవుడికి దగ్గరవడానికని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఆ మండపంలో, పేరు కూడా అడగని మనుషుల వేలికొసల దగ్గర దేవుడు చాలా దగ్గరగా కనిపించాడు. ఆ ఐదు కిలోల్లో ఏ గింజ ఏన్కూరుదో, ఏది ఊటగుంపుదో, ఏది ఆ లారీ డ్రైవరు ఒలిచిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

వేసవిలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మధ్యాహ్నం మెట్ల మీద నిలబడలేరు, కాబట్టి చెప్పులు కింద వదిలేముందు పాత సాక్సులు ఒక జత తొడుక్కోండి. నా సంచిలో అవి చూసి పొద్దున అత్తమ్మ "పెండ్లికి పోతున్నవా, స్కూలుకా" అని ఎగతాళి చేసింది, నేను సిగ్గుపడి తొడుక్కోలేదు. దిగేటప్పుడు ఆమే అడిగి తీసుకుని తొడుక్కుంది. నాకు మాత్రం తిరిగివ్వలేదు.